పాత పేపర్లో ఒక్క మాట పట్టుకుని వెతకడం ఎలా: "కంట్రోలు" ఉదాహరణగా

మా అమ్మమ్మ చివరిదాకా రేషన్ బియ్యాన్ని "కంట్రోలు బియ్యం" అనే అనేది. ఆవిడకి రేషన్ షాపు అంటే కంట్రోలు కొట్టు, అక్కడిచ్చే కిరసనాయిలు కంట్రోలు కిరసనాయిలు. చిన్నప్పుడు నేను వేరే ఏదో రకం బియ్యం అనుకునేదాన్ని, సోనా మసూరి లాగా. చాలా ఏళ్ల తర్వాత 1947 నాటి పేపర్ స్కాన్లు తిరగేస్తుంటే ఆ మాట హెడ్డింగుల్లో కనపడింది, ఒకసారి కాదు, పేజీ పేజీకీ, అప్పుడు ఆగిపోయా. అమ్మమ్మ నోట్లో మాట పేపర్లోంచి వచ్చిందా, పేపరే జనం నోట్లోంచి తీసుకుందా అని వెతకడం మొదలుపెట్టా, ఇప్పటికీ ఆపలేదు.

ఇలా ఒక మామూలు మాట తీసుకుని 1940లు, 50ల నాటి వార్తల్లో దాన్ని ఎలా వాడారో చూడాలంటే ఎలా మొదలెట్టాలి, ఎక్కడ బోల్తా పడతాం, నాకు తెలిసినంతా చెప్తాను. "కంట్రోలు"తో చెప్తాను గానీ పద్ధతి ఏ మాటకైనా అదే.

ముందు మాట ఎంచుకోవడం. మరీ అరుదైన మాట వద్దు, నెలకోసారి కూడా తగలదు, విసుగొస్తుంది. మరీ "వచ్చాడు, పోయాడు" లాంటిదీ వద్దు. ఇప్పుడూ వాడతాం, కానీ అప్పుడు అర్థం కాస్త పక్కగా ఉండేది అనిపించే మాట మంచిది. ఇవాళ కంట్రోల్ అంటే మనకి బీపీ కంట్రోల్, షుగర్ కంట్రోల్, నోరు కంట్రోల్లో పెట్టుకో, లారీ కంట్రోల్ తప్పింది. అంటే మన చేతిలోనో ఒంట్లోనో ఉండేది. అప్పటి కంట్రోలు అలా కాదు, అది సర్కారు సరుకు మీద పెట్టేది. ఇంత ధరకే అమ్మాలి, ఇంతే కొనాలి, ఈ జిల్లా దాటించకూడదు అని. మొత్తం మీద అదో వస్తువులాగా ఉండేది: వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది.

తర్వాత కాలం. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు, పదేళ్ల పేపర్లూ వరసగా చదవబోయి నెలరోజుల్లో వదిలేస్తారు. అలా కాకుండా ఆ మాట ఎప్పుడు వేడిగా ఉందో చూసుకుని ఆ కిటికీల్లోంచి చూడాలి. కంట్రోలుకి నేను పెట్టుకున్నవి ఇవి. మొదటిది 1943, బెంగాల్ కరువు ఏడాది, ఊళ్లల్లో రేషనింగ్ మొదలైన రోజులు, మిల్లు గుడ్డ మీద ధర ముద్ర వేయాలని ఆర్డరు వచ్చింది కూడా ఆ ఏడే. రెండోది 1947 నవంబరు, డిసెంబరు. గాంధీగారు ఢిల్లీ ప్రార్థన సభల్లో కంట్రోళ్లు తీసెయ్యమని గట్టిగా చెప్తున్న రోజులు, డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం మెల్లగా తీయడం మొదలుపెట్టింది. మూడోది 1948 రెండో సగం, ధరలు పెరిగిపోయి బట్ట మీదా తిండిగింజల మీదా మళ్లీ పెట్టారు. నాలుగోది 1952 జూన్, రాజాజీ మద్రాసు ముఖ్యమంత్రిగా వచ్చి తిండిగింజల కంట్రోలు ఎత్తేసిన రోజులు. ఐదోది కావాలంటే 1954, కేంద్రంలో రఫీ అహ్మద్ కిద్వాయ్ ఆహార మంత్రిగా ఉన్నప్పుడు దేశంలో మిగిలిన తిండిగింజల కంట్రోళ్లు కూడా పోయాయి. ఒక్కో కిటికీకి రెండు వారాల పేపర్లు చూస్తే చాలు మొదట్లో. ఒకే మాటని పెడుతున్నప్పుడు, తీస్తున్నప్పుడు, మళ్లీ పెడుతున్నప్పుడు చూస్తే దాని రంగు మారడం కళ్లకి కడుతుంది.

పేపర్లు ఎక్కడ దొరుకుతాయంటే, ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించిన పాత పత్రికలు ఆన్‌లైన్లో ఉన్నాయి, ఇంట్లో కూర్చుని చూడొచ్చు. కాగితం చేత్తో పట్టుకుని చూడాలనుంటే వేటపాలెం సారస్వత నికేతనం (1918 నాటిది), హైదరాబాద్ బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం. పాత కాగితం పెళుసుగా ఉంటుంది, మడత దగ్గర చిన్నగా తిప్పండి, తడి వేలు అస్సలు పెట్టకండి.

ఒక్క పేపరుతో సరిపెట్టుకోవద్దు, దీని మీద నాకు పట్టుదల ఎక్కువ. కాశీనాథుని నాగేశ్వరరావుగారి ఆంధ్రపత్రిక పాతకాలపు గ్రాంథికం పట్టు వదలకుండా రాసేది. ఆంధ్రప్రభలో 1942 నుంచి 1959 దాకా నార్ల వెంకటేశ్వరరావుగారు ఎడిటరు, ఆయన వాడుక భాష మనిషి. నిజాం వైపు సురవరం ప్రతాపరెడ్డిగారు 1926లో మొదలుపెట్టిన గోలకొండ పత్రిక. 1952 నుంచి విజయవాడలో కమ్యూనిస్టుల విశాలాంధ్ర. ఒకే రోజు ఒకే వార్త వీటిల్లో రెండిట్లో పక్కపక్కన పెట్టుకుని చూడండి, మాట ఎంపిక దగ్గరే పేపరు మనసు తెలిసిపోతుంది. ఒకటి "నియంత్రణము" అంటే ఇంకోటి "కంట్రోలు" అనే వదిలేస్తుంది, ఒకటి "ప్రభుత్వ నిర్ణయము" అన్నచోట ఇంకోటి రైతు నష్టం ముందు చెప్తుంది.

ఇప్పుడు అసలు పని, మాటని కంటితో పట్టుకోవడం. స్కాన్లు అన్నాను కదా, అవి బొమ్మలు, టైపు చేసిన అక్షరాలు కావు, సెర్చ్ బాక్సులో కొడితే వచ్చేవి కావు. అక్షరాలు చదివే సాఫ్ట్‌వేర్ పెట్టినా పాత సీసం టైపు దగ్గర తడబడుతుంది. కాబట్టి కన్ను అలవాటు చేసుకోవాలి. "కంట్రోలు"లో ట కింద ర వత్తు ఉంటుంది చూడండి, ఆ వత్తు అరిగిపోయో సిరా అంటకో కనపడకుండా పోతుంది, "కంటోలు" లాగా కనిపిస్తుంది. సున్న కూడా ఎగిరిపోతే "కటోలు". మొదట్లో నేను ఇదేదో వేరే మాట అనుకుని దాటేసిన చోట్లు ఎన్నో, మళ్లీ వెనక్కెళ్లి ఏరుకోవాల్సి వచ్చింది. ఇంకోటి, పేజీలో నిలువు కాలమ్ సన్నగా ఉంటుంది, లైను చివర చోటు చాలకపోతే మాటని ఎక్కడపడితే అక్కడ విరిచేసేవాళ్లు, గీత కూడా పెట్టకుండా. లైను చివర "కం" ఒక్కటే ఉండి కింది లైను "ట్రోలు"తో మొదలవుతుంది. అందుకే నేను లైన్లు చదవను, కాలమ్ కుడి అంచు, ఎడమ అంచు మీద ముందు కన్ను పరిగెత్తిస్తాను, తర్వాత మధ్యలోకి వస్తాను.

వలపలగిలక తెలీకపోతే అది కూడా నేర్చుకోండి, పది నిమిషాల పని. ఇవాళ మనం "ర్క" అని రాసేచోట అప్పటి అచ్చులో అక్షరం పక్కన ౯ లాంటి గుర్తు పెట్టేవాళ్లు. "సర్కారు" కాస్తా "సకా౯రు"గా, "మార్కెట్టు" కాస్తా "మాకె౯ట్టు"గా కనిపిస్తుంది. తొమ్మిది అంకె అనుకుని చదివితే వాక్యం అర్థం కాదు. బ్లాకు మార్కెట్టు గురించి వెతికేవాళ్లకి ఇది తెలియకపోతే సగం దొరకవు.

మాట ఒక్క రూపంలో ఉండదు, ఇదీ ముఖ్యం. మొదలెట్టేముందే దాని చుట్టాల లిస్టు రాసుకోవాలి. కంట్రోలు, కంట్రోల్, కంట్రోళ్లు, కంట్రోలులు, డీకంట్రోలు, నియంత్రణ, నియంత్రణము, ధరల అదుపు, ఆంక్షలు. దీని పక్కన తిరిగే మాటలు వేరే లిస్టు: రేషను, పర్మిటు, లెవీ, కోటా, డిపో, ధాన్య సేకరణ, చీకటి బజారు, దొంగ బజారు. గ్రాంథికం రాసే పేపర్లో సంధి కలిపేస్తారు కాబట్టి మాట తోక కూడా మారిపోతుంది, "కంట్రోలునెత్తివేయుట" అని ఒకే ముద్దగా ఉంటుంది. ఇంగ్లీషు మాటకి మన సంధి తగిలించడం నాకు భలే ఇష్టం, మాట ఇంట్లో మనిషి అయిపోయిందనడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి.

దొరికింది కదా అని ఆ మాట ఒక్కటే రాసుకుంటే ఏమీ మిగలదు. దాని పక్కనున్న క్రియ రాసుకోవాలి. నాకు కథ తెరుచుకుంది అక్కడే. కంట్రోలు "విధించు" అంటే అది ఆఫీసు గొంతు. "పెట్టారు" అంటే వీధి గొంతు. "సడలించు" అంటే ముడి ఉంది, కాస్త వదులు చేశారన్నమాట, అంటే కంట్రోలుని తాడులాగా చూస్తున్నారు. "ఎత్తివేయు" అంటే నెత్తిన బరువులాగా చూస్తున్నారు. చూడండి ఒకసారి, మనం నిషేధం ఎత్తేశారు అంటాం, పన్ను ఎత్తేశారు అంటాం, మేలు చేసేదాన్ని ఎవరూ ఎత్తెయ్యరు. తీసేసే వార్తలో ఏ క్రియ వాడారన్నది చూస్తే ఆ కంట్రోలు రాసినవాడికి ఏమనిపించిందో తెలుస్తుంది. నేను ఆ కాలపు ధోరణిలో రెండు వాక్యాలు కట్టి చూపిస్తాను, ఇవి ఏ పేపర్లోవీ కావు, నేను రాసినవే: "బియ్యముపై నియంత్రణము సడలింపబడినది." "బియ్యం కంట్రోలు ఎత్తేశారు." విషయం దాదాపు ఒకటే. మొదటిదాంట్లో ఎవరు చేశారో లేదు, ఎవరికి జరిగిందో లేదు, పని దానంతటదే జరిగిపోయినట్టుంది. రెండోదాంట్లో "వాళ్లు" ఉన్నారు, సర్కారు వాళ్లు, పేరు చెప్పకపోయినా వినేవాడికి తెలుసు. ఇలా "బడు" ఉన్న వాక్యాలెన్ని, లేనివెన్ని లెక్కపెట్టుకోండి, పేపరు పేపరుకీ తేడా కనిపిస్తుంది.

ఇంకో సంగతి, వార్త ఎక్కణ్ణించి వచ్చింది. అప్పట్లో ఢిల్లీ వార్తలు, బయటి వార్తలు ఏజెన్సీల నుంచి ఇంగ్లీషులో తంతి ద్వారా వచ్చేవి. పీటీఐ 1947లో ఏర్పడింది, 1949 నుంచి నడుస్తోంది, అంతకుముందు రాయిటర్ చేతికింది అసోసియేటెడ్ ప్రెస్ ఆఫ్ ఇండియా. రాత్రిపూట డెస్కు మీద కూర్చున్న సబ్ ఎడిటరు ఆ ఇంగ్లీషు కాగితం చూస్తూ గబగబా తెలుగు చేసేవాడు, కింద కంపోజింగు వాళ్లు ఎదురుచూస్తుంటారు. కాబట్టి ఢిల్లీ డేట్‌లైన్ (వార్త మొదట్లో వేసే ఊరి పేరు, తేదీ) ఉన్న వార్తలో కనిపించే మాట అనువాదపు మాట, గుంటూరో ఏలూరో డేట్‌లైన్ ఉన్న విలేకరి వార్తలో కనిపించేది ఊరి మాట. ఈ రెండూ కలిపి ఒకే కుప్పలో వేస్తే లెక్క తప్పుతుంది. మాట దొరికినప్పుడల్లా రాసుకునే చీటీ మీద డేట్‌లైన్ తప్పకుండా రాయండి. డేట్‌లైన్ తేదీ పేపరు తేదీ ఒకటి కాదు, ఒకరోజో రెండ్రోజులో ముందుంటుంది, అందులో "నేడు" అంటే డేట్‌లైన్ రోజు, మీ చేతిలో పేపరు రోజు కాదు.

పేజీలో ఎక్కడుంది అనేది కూడా చూడాలి. మొదటి పేజీ హెడ్డింగులో కంట్రోలు అంటే ప్రభుత్వం చేసిన పని. సంపాదకీయంలో అయితే వాదన, ఉండాలా పోవాలా అని. పాఠకుల ఉత్తరాల్లో అయితే మా డిపోలో సరుకు రాలేదు, వచ్చింది పురుగు పట్టింది, కార్డుకి ఇంతే ఇచ్చారు అనే గోడు. ప్రకటనల్లో అయితే అదే మాట భరోసా, కంట్రోలు ధరకే అమ్ముతాం నమ్మండి అని. బజారు ధరల కాలమ్‌లో అయితే ఉట్టి అంకె పక్కన గుర్తు. ఒకే రోజు పేపర్లో ఒకే మాట ఐదు పనులు చేస్తుంది. ఇది గమనించకుండా "1947లో కంట్రోలు అంటే జనానికి కోపం" అని ఒక్క వాక్యంలో తేల్చేసేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది, కంట్రోలు ధరకి గుడ్డ దొరికి సంతోషపడ్డ ఇల్లూ అదే పేజీలో ఉంది మరి. నూలు కోసం ఎదురుచూసే చేనేతవాడికి కంట్రోలు వేరు, ధాన్యం మిగులున్న డెల్టా రైతుకి వేరు, కొనుక్కుని తినే బడిపంతులుకి వేరు. మాట పక్కన ఎవరు మాట్లాడుతున్నారో రాసుకోండి.

పేపరు కాగితం మీద కూడా కంట్రోలు ఉండేది ఆ రోజుల్లో, యుద్ధం వల్ల న్యూస్‌ప్రింట్ దొరక్క పేజీలు తగ్గించుకున్నాయి పత్రికలు. కంట్రోలు గురించి రాసే పేపరే కంట్రోల్లో ఉందన్నమాట. పేజీలు తగ్గితే వార్త కురచ అవుతుంది, హెడ్డింగులో చోటు తగ్గుతుంది, పొట్టి మాట గెలుస్తుంది. "నియంత్రణము" కంటే "కంట్రోలు" అచ్చులో తక్కువ చోటు పడుతుంది, అది నిలబడడానికి ఇదీ ఒక కారణం అయ్యుంటుందని నా అనుమానం, అనుమానమే.

అంకెల దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. నేను బోల్తా పడింది ఇక్కడే. ఒక వార్తలో మణుగు ధర చూసి, ఇంకో వార్తలో మణుగు ధరతో పోల్చి, అమ్మో నెలలో మూడింతలు పెరిగిందే అని రాసేసుకున్నా, రెండ్రోజులు ఆ ఆశ్చర్యంలోనే ఉన్నా. తీరా చూస్తే ఒకటి ఢిల్లీ వార్త, ఒకటి మనవైపు వార్త. మద్రాసు మణుగు అంటే 8 వీశెలు, 25 పౌన్లు, ఇవాళ్టి లెక్కలో సుమారు 11 కిలోలు. ఢిల్లీ వార్తల్లో మణుగు 40 సేర్లు, 82 పౌన్ల పైన, సుమారు 37 కిలోలు. మాట ఒకటే, బస్తాలు వేరు. శేరు కూడా అంతే, మనవైపు వీశెకి 5 శేర్ల లెక్కన తూకం శేరు 300 గ్రాములు కూడా ఉండదు, ఢిల్లీ సేరు కిలోకి కాస్త తక్కువ, ఇవి కాక కొలిచే శేరు వేరే. కాబట్టి అంకె కనపడగానే డేట్‌లైన్ వైపు చూడండి.

డబ్బులదీ అలాంటిదే. "రూ. 12-8-0" అని ఉంటే అది తేదీ కాదు, 12 రూపాయల 8 అణాలు, పైలు లేవు అని. రూపాయికి 16 అణాలు, అణాకి 12 పైలు, ఇది 1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చేదాకా. గోలకొండ పత్రిక లాంటి హైదరాబాదు పేపర్లలో రూపాయి అంటే నిజాం హాలీ రూపాయి కావచ్చు, బ్రిటిష్ ఇండియా కల్దారు రూపాయి కావచ్చు. 7 హాలీ రూపాయలకి సుమారు 6 కల్దారులు. చూసుకోకుండా మద్రాసు ధరతో పోల్చారా, తప్పుతుంది. హైదరాబాదు పేపర్లలో కంట్రోలు కంటే "లెవీ" అనే మాట వెంట పడండి, రైతు దగ్గర ధాన్యం సర్కారు బలవంతంగా తీసుకునే లెవీ 1940ల్లో అక్కడ పెద్ద గొడవ, ఊరి బాధ ఆ మాటలో ఉంది.

చీటీ ఎలా రాయాలో ఒకటి చూపిస్తా. నేను పోస్టుకార్డులో సగం సైజు అట్ట ముక్కలు వాడతా, ఫోన్లో కన్నా ఇవి నేల మీద పరుచుకోవచ్చు. పైన పేపరు పేరు, తేదీ, పేజీ, ఎన్నో కాలమ్. దాని కింద మాట ఎలా అచ్చయిందో అలాగే, తప్పుంటే తప్పుతో సహా, దిద్దకుండా. తర్వాత మొత్తం వాక్యం, మాట ఒక్కటి కాదు. తర్వాత క్రియ విడిగా. ఎవరి గొంతు: మంత్రి, కలెక్టరు, విలేకరి, ఉత్తరం రాసినాయన, ప్రకటన. డేట్‌లైన్. ఏ సరుకు: బియ్యం, గుడ్డ, నూలు, పంచదార, కిరసనాయిలు. చివర్న నాకేమనిపించిందో పెన్సిల్‌తో, ఎందుకంటే అది మారుతుంది, మారినప్పుడు చెరిపేయాలి. ఒక యాభై చీటీలయ్యాక నేల మీద పరిచి మొదట తేదీ ప్రకారం సర్దండి, ఫోటో తీసుకోండి, తర్వాత క్రియ ప్రకారం సర్దండి, తర్వాత గొంతు ప్రకారం. మూడో సర్దుడు దగ్గర ఏదో ఒకటి దొరుకుతుంది. నాకు దొరికింది ఏంటంటే, నా చీటీల్లో మంత్రులూ అధికారులూ మాట్లాడినప్పుడు కంట్రోలు ఒంటరిగా ఉంది, జనం మాట్లాడినప్పుడు ఎప్పుడూ ఒక సరుకుని వెంటబెట్టుకుని ఉంది: కంట్రోలు బియ్యం, కంట్రోలు గుడ్డ, కంట్రోలు రేటు. పెద్దవాళ్లకి అదో విధానం, జనానికి అదో సంచీలో పట్టే వస్తువు. అమ్మమ్మ మాట అక్కడిది. నా దగ్గరున్నవి కొన్ని చీటీలే, ఇంకొకళ్లు వెతికితే వేరేగా తేలొచ్చు, తేలితే నాకూ చెప్పండి.

ఎక్కడ ఆపాలి అనేది కూడా చెప్పాలి. మాట జోరు తగ్గినచోట కాదు, ఆ పని వేరే మాట తీసుకున్నచోట ఆపండి. 1955లో నిత్యావసర సరుకుల చట్టం వచ్చాక, "నిత్యావసర వస్తువులు" అనే పెద్ద మాట మెల్లగా పేపర్లో కూర్చుంది. "నియంత్రణ" అనే మాటకి ఇంకో పని దొరికింది, 1952లో దేశంలో కుటుంబ నియంత్రణ కార్యక్రమం మొదలైంది కదా, తర్వాత తర్వాత నియంత్రణ అంటే జనానికి ముందు అదే గుర్తొచ్చే రోజులొచ్చాయి. కంట్రోలు పేపర్లోంచి జారిపోయి ఇళ్లల్లో ఉండిపోయింది.

ఆఖరి పని, పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లడం, ఆ రోజులు చూసినవాళ్లు ఇంకా కొందరు ఉన్నారు, ఆలస్యం చెయ్యకండి. "కంట్రోలు అంటే ఏంటండీ" అని మాత్రం అడక్కండి, "అదే, రేషను" అని ఒక్క ముక్కలో అయిపోతుంది. "కంట్రోల్లో ఏమిచ్చేవాళ్లు, ఏం వండుకునేవాళ్లు" అని అడగండి. నేను అమ్మమ్మని ఆలస్యంగానే అడిగా, ఆవిడ మంచం మీద కూర్చుని మోకాళ్లు రాసుకుంటూ, "బియ్యం చాలక గోధుమలిచ్చేవాళ్లే, మాకు గోధుమలు వండటం ఎవరికి తెలుసు, అన్నంలా ఉడకేసేవాళ్లం" అంది. మర్నాడు మళ్లీ 1948 స్కాన్లు తెరిచి కొత్త చీటీల కట్ట తీశా, ఈసారి వెతుకుతున్న మాట "గోధుమ".